రోడ్డు రేసుల్లో నలభై దాకా నిలబడేవాళ్లు ఎలా నిలబడుతున్నారు?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. స్పెయిన్ సైక్లిస్టు అలెహాంద్రో వాల్వెర్డే 42 ఏళ్లు వచ్చేదాకా ప్రపంచ స్థాయి రోడ్డు రేసుల్లో ఎలా నిలబడ్డాడు, అది పుట్టుకతో వచ్చిన ప్రతిభా, శిక్షణా, నిషిద్ధ మందుల మహిమా అన్నది మొదటిది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్లుగా తెల్లవారుజామున అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్ మీద తొక్కుతున్న మీరు 36వ ఏట రేసుల్లోకి దిగవచ్చా, దిగితే ఎన్నాళ్లు ఉండగలరు అన్నది రెండోది.

నా సంగతి ఒక్క ముక్కలో చెబుతాను, నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకోండి. ఉద్యోగం కోసం బెల్జియం వచ్చి లూవెన్‌లో స్థిరపడ్డాను. ఇక్కడి ఒక సైక్లింగ్ క్లబ్బు తరఫున పెద్దల విభాగంలో చాలాకాలం పోటీపడ్డాను, ఇప్పుడు అక్కడే శిక్షకుడిగా ఉన్నాను. ప్రొఫెషనల్‌గా ఎన్నడూ తొక్కలేదు. అయితే ఈ దేశంలో ఆ ప్రపంచానికీ మామూలువాళ్లకీ మధ్య పెద్ద గోడ ఉండదు. ఆదివారం ఊరి రేసులో మీ పక్కన తొక్కుతున్నవాడు ఒకప్పుడు ఫ్రాన్స్ చుట్టూ మూడు వారాలు సాగే టూర్ డి ఫ్రాన్స్ తొక్కినవాడు కావచ్చు. రేసు అయ్యాక కబుర్లు చెప్పడానికి అలాంటివాళ్లు మొహమాటపడరు. నాకు తెలిసినదంతా అలా వినీ, కుర్రాళ్లకూ నడివయసువాళ్లకూ నేర్పుతూ తెలుసుకున్నదే.

సూటిగా సమాధానం: ముప్ఫై అయిదు దాటిన రోడ్డు సైక్లిస్టును ఇంటికి పంపేది చాలాసార్లు ఊపిరితిత్తులూ కాదు, కాళ్లూ కాదు. కోలుకోవడానికి పట్టే సమయం, పడతామన్న భయం, ఏడాదిలో సగం రోజులు ఇల్లు విడిచి బతకడం మీద విసుగు. ఈ మూడూ కలిసి పంపిస్తాయి. వాల్వెర్డే లాంటివాళ్లకు ఈ మూడూ మిగతావాళ్లకంటే ఆలస్యంగా ఎదురయ్యాయి. ప్రతిభ ఉంది, కాదనను. అంత ప్రతిభా ఉండి 31 ఏళ్లకే సైకిల్ పక్కన పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇక మీ సంగతి: దిగవచ్చు, చాలాకాలం ఉండవచ్చు. కాని ముందు మీకు కావలసింది మీరు రాసిన ఆ ఖరీదైన కార్బన్ చక్రాలు కావు.

ఒక్క రేసు చూస్తే నేను చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది. 2018 సెప్టెంబరు 30, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్, ప్రపంచ చాంపియన్‌షిప్ రోడ్డు రేసు. 258 కిలోమీటర్లు, అందులో నాలుగున్నర వేల మీటర్లకు పైగా ఎక్కుడు. చివరి గీత దగ్గరికి కలిసి వచ్చినవాళ్లు నలుగురు. గెలిచింది 38 ఏళ్ల వాల్వెర్డే. రెండోవాడు ఫ్రాన్స్‌కు చెందిన రొమాన్ బార్డే, మూడోవాడు కెనడా నుంచి మైఖేల్ వుడ్స్, నాలుగోవాడు నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ డుములాన్. ముగ్గురూ వాల్వెర్డేకంటే చిన్నవాళ్లే. డుములాన్ అప్పటికి ఇంకా 28 నిండనివాడు, ముందటి ఏడాదే ఇటలీలో మూడు వారాలు సాగే జిరో డి ఇటాలియా గెలిచినవాడు.

ఇప్పుడు ఆ నలుగురూ ఎప్పుడు ఆపారో చూడండి. డుములాన్ 2022 ఆగస్టులో, 31వ ఏట. వాల్వెర్డే అదే ఏడాది అక్టోబరులో, ఇటలీలో లొంబార్డియా రేసులో ఆరో స్థానంలో వచ్చి, 42వ ఏట. అంటే పదేళ్లు చిన్నవాడు పెద్దవాడికంటే రెండు నెలల ముందు వెళ్లిపోయాడు. బార్డే 2025లో 34వ ఏట ఆపాడు. వుడ్స్ కూడా అదే ఏడాది, 39 దగ్గర పడ్డాక. ఆపేనాటికి డుములాన్ ఊపిరితిత్తులు వాల్వెర్డే ఊపిరితిత్తులకంటే ముసలివైపోయాయని ఎవరైనా అనగలరా?

శరీరం సంగతి ముందు ముగిద్దాం, అందరూ అక్కడే ఆగిపోతారు కాబట్టి. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ ముప్ఫై దాటాక పదేళ్లకు పది శాతం చొప్పున తగ్గుతుందని సాధారణ లెక్క. గట్టి శిక్షణ కొనసాగించేవాళ్లలో ఆ తగ్గుదల సుమారు సగమే. గరిష్ఠ గుండె వేగం పదేళ్లకు ఏడు కొట్టుళ్ల చొప్పున పడిపోతుంది, దాన్ని ఏ శిక్షణా ఆపలేదు. కాని ఆ ఆక్సిజన్‌ను పొదుపుగా వాడే నేర్పు, ఎక్కువసేపు ఒకే తీవ్రతలో తొక్కగల శక్తి, ఇవి నలభైకి దగ్గర పడినా పెద్దగా చెడవు. ముందు పోయేది చివరి రెండు వందల మీటర్ల పేలుడు. వేగంగా ముడుచుకునే కండరపోగులు వయసుతో సన్నబడతాయి. అందుకే స్ప్రింటర్లు, అంటే చివరి గీత ముందు వేగంతో గెలిచేవాళ్లు, త్వరగా వాడిపోతారు. 39 ఏళ్ల వయసులో, 2024 జులై 3న, టూర్‌లో తన 35వ స్టేజి (ఒక్కరోజు దశ) గెలిచి బెల్జియం దిగ్గజం ఎడీ మెర్క్స్ రికార్డును దాటిన బ్రిటన్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్‌ను నాకు ఎదురు చూపిస్తారేమో. ఆయన గెలుపుల్లో బలం ఎంతో, ఎవరి చక్రం వెనుక ఏ క్షణంలో ఉండాలో తెలియడం కూడా అంతే. అది వయసుతో పెరిగేదే గాని తగ్గేది కాదు.

ఇక్కడ రోడ్డు సైక్లింగ్‌కే ప్రత్యేకమైన విషయం ఒకటి చెప్పాలి. మారథాన్‌లో శక్తి తగ్గినవాడికి దాక్కోవడానికి చోటుండదు. రోడ్డు రేసులో ఉంటుంది. ముందువాడి చక్రానికి అంటిపెట్టుకుని గాలి మరుగున తొక్కితే మూడో వంతు శక్తి దాకా మిగులుతుంది, పెద్ద గుంపు నడుమ ఇంకా ఎక్కువే. అయిదారు గంటల రేసులో ఈ మిగులే అసలు పెట్టుబడి. మా క్లబ్బులో యాభై దాటిన ఒక బడి పంతులు ఉన్నాడు. ఊరి రేసుల్లో, అంటే చర్చి చుట్టూ, పొలాల మధ్య ఆరేడు కిలోమీటర్ల చుట్లు తిరిగే రేసుల్లో, సగం వయసున్న కుర్రాళ్లను వెనకేస్తుంటాడు. ప్రయోగశాలలో పరీక్షిస్తే ఆ కుర్రాళ్లు ఆయనకంటే బలవంతులే. ఆయన చేసేదల్లా పక్కగాలి ఏ మలుపు తర్వాత ఎటునుంచి కొడుతుందో ముందే చూసుకుని, ఆ మలుపుకు ముందు మొదటి పదిమందిలోకి చేరడం. గాలి కొట్టగానే గుంపు ఏటవాలు వరుసలుగా తెగిపోతుంది. కుర్రాళ్లు మూడో ముక్కలో ఉండి రొప్పుతుంటారు, ఈయన మొదటి ముక్కలో కూర్చుని నీళ్లు తాగుతుంటాడు. ఇది చెప్పి నేర్పడం నాకు ఇప్పటికీ సరిగా చేతకాదు. తొక్కుతూ తొక్కుతూ రావలసిందే.

వాల్వెర్డే గెలుపుల పట్టిక చూసినా అదే కనిపిస్తుంది. బెల్జియంలో జరిగే లా ఫ్లెష్ వలోన్ ఆయన అయిదుసార్లు గెలిచాడు. ఒకటి 2006లో. మిగతా నాలుగూ 2014 నుంచి 2017 దాకా వరుసగా, అంటే 33 ఏళ్ల నుంచి 36 ఏళ్ల మధ్య. ఆ రేసు ముగిసేది హ్యూయి పట్టణంలోని ఎత్తు గోడలాంటి వీధి మీద: 1.3 కిలోమీటర్లు, సగటున తొమ్మిదిన్నర శాతం వాలు, మలుపు దగ్గర దానికి రెట్టింపు. నేను వెళ్లి చూసినప్పుడల్లా ఒకటే దృశ్యం: కుర్రాళ్లు కింద మలుపులోనే లేచి విజృంభిస్తారు, పైన వంద మీటర్ల దగ్గర కాళ్లు రాయయిపోతాయి. వాల్వెర్డే సీటు మీద కూర్చునే ఉంటాడు, వాళ్లు ఆగిపోయే చోట లేస్తాడు. 2022లో, 42వ పుట్టినరోజుకు అయిదు రోజుల ముందు, అదే గోడ మీద రెండో స్థానంలో వచ్చాడు. బెల్జియంలోనే జరిగే మరో పెద్ద రేసు లీజ్–బస్టోన్–లీజ్ నాలుగుసార్లు గెలిచాడు: 2006, 2008, 2015, 2017. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొదటి పతకం 2003లో, స్వర్ణం 2018లో. మధ్యలో మరో అయిదు పతకాలు.

ఇక్కడితో ఆపితే సగం నిజమే చెప్పినవాణ్నవుతాను. మందుల ప్రశ్న మీరు అడిగారు, తప్పించుకోకూడదు. 2006లో స్పెయిన్ పోలీసులు ఒక వైద్యుడి దగ్గర పట్టుకున్న రక్తపు సంచుల (రక్తం తీసి దాచి, బలం కోసం మళ్లీ ఎక్కించడం నిషిద్ధం) కేసులో, ఒక సంచిలోని రక్తం వాల్వెర్డే డీఎన్ఏతో సరిపోయిందని ఇటలీ ఒలింపిక్ కమిటీ తేల్చింది. ఆయన ఒప్పుకోలేదు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లాక 2010, 2011 రెండేళ్లూ నిషేధం అనుభవించాడు. 2012 జనవరిలో తిరిగొచ్చి ఆస్ట్రేలియాలో మొదటి రేసులోనే ఒక స్టేజి గెలిచాడు. 'నిషేధం ఆయనకు విశ్రాంతి అయింది' అని వాదించేవాళ్లున్నారు, 'అసలు ఇంజను ముందే అలా తయారైంది' అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండు పక్షాల్లోనూ లేను. ఆయన తరం మీద ఆ నీడ ఉంది, ఆ నీడతో సహా ఆయనను చూడాలి. ఆయన సుదీర్ఘ కెరీర్‌ను శిక్షణకు ఆదర్శంగా మా కుర్రాళ్లకు చూపించను. రేసును చదవడానికి ఆదర్శంగా చూపిస్తాను. ఈ తేడా మీరూ పాటిస్తే మంచిది. అయినా మందులే జవాబు అనుకుంటే అదే కాలంలో అవే మందులు వాడి పట్టుబడి ముప్ఫైలోనే కనుమరుగైన పెద్ద జాబితా ఎందుకుందో చెప్పాల్సి వస్తుంది. మందు వేగాన్ని పెంచవచ్చు. ఇరవై ఏళ్ల పాటు జనవరి వానలో గుమ్మం దాటించదు.

పాతతరంలోకి వెళ్తే లెక్క ఇంకోలా ఉంటుంది. 1976 టూర్ డి ఫ్రాన్స్ గెలిచినవాడు బెల్జియం కొండల వీరుడు లూసియన్ వాన్ ఇంప్. రెండోవాడు నెదర్లాండ్స్‌కు చెందిన యోప్ జూటెమెల్క్. మూడోవాడు 40 ఏళ్ల రేమండ్ పులిడోర్. పులిడోర్ టూర్‌లో ఎనిమిదిసార్లు మొదటి ముగ్గురిలో నిలిచాడు, మొత్తం మీద ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ఒక్కరోజు కూడా వేసుకోలేదు, 1977 దాకా తొక్కుతూనే ఉన్నాడు. ఎందుకంటే జీతంకంటే ఊరూరా ప్రదర్శన రేసులకు పిలిచి ఇచ్చే డబ్బు ఎక్కువగా ఉన్న రోజులవి. ఫ్రాన్స్ జనం ఆయనను చూడటానికి టికెట్టు కొనేవాళ్లు. ఆపడానికి కారణం ఉండాలి గదా! (ఆయన మనవడే ఇప్పటి మాథ్యూ వాన్ డర్ పుల్, 2023 ప్రపంచ చాంపియన్.)

జూటెమెల్క్ కథ నాకు మరీ ఇష్టం. 1974లో ఒక రేసులో పడి పుర్రె పగిలింది, ఆ తర్వాత మెదడు పొరల వాపు. బతకడమే గొప్ప అనుకున్నారు. ఆరేళ్లకు, 1980లో, టూర్ గెలిచాడు. మొదలుపెట్టిన 16 టూర్లలో పదహారూ పూర్తి చేశాడు. 1985లో ఇటలీలో ప్రపంచ చాంపియన్‌షిప్ చివర్లో, హేమాహేమీలైన కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఎవరు ముందు కదలాలా అని ఆగిన క్షణంలో, ఈ 38 ఏళ్లవాడు చడీచప్పుడు లేకుండా జారుకున్నాడు. గెలిచాడు. 40 నిండాక 1987లో నెదర్లాండ్స్‌లో జరిగే ఆమ్‌స్టెల్ గోల్డ్ రేసు కూడా గెలిచి, ఆ ఏడాదే ఆపేశాడు.

గెలిచేవాళ్ల గురించే మాట్లాడుకుంటున్నాం గాని, ఎక్కువకాలం ఉండేవాళ్లలో అధికులు గెలవనివాళ్లు. ఒక్కో జట్టులో టూర్‌కు ఎనిమిది మంది వెళ్తారు. వాళ్లలో ఒకరిద్దరి కోసం మిగతావాళ్లు నీళ్లు మోస్తారు, గాలికి అడ్డుంటారు, అవసరమైతే చక్రం విప్పి ఇస్తారు. ఆస్ట్రేలియాకు చెందిన ఆడమ్ హాన్సెన్ 2011 వుల్టా (స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు) నుంచి 2018 జిరో దాకా వరుసగా 20 మహా టూర్లు తొక్కాడు. మూడేసి వారాల రేసులు, ఏడాదికి మూడు, ఒక్కటి వదలకుండా! రెండు స్టేజీలు గెలిచాడు. తన బూట్లు తనే కార్బన్‌తో చేసుకునేవాడు, సాఫ్ట్‌వేర్ కూడా రాసేవాడు, కాబట్టి మన వాళ్లకు ఆయన ప్రత్యేకంగా నచ్చాలి. వాల్వెర్డే జట్టులోనే ఇమనోల్ ఎర్విటి అని ఒకరుండేవారు. 2005 నుంచి 2023 దాకా అదే జట్టు. ఎప్పుడు గుంపు ముందుకు రావాలో, ఎవరిని పోనివ్వాలో, ఎవరిని పట్టుకోవాలో రోడ్డు మీద నిర్ణయించే పని ఆయనది. అలాంటివాణ్ని నలభై దగ్గర పడినా జట్టు వదులుకోదు. ఇరవై రెండేళ్లవాడు అదే పని అంతకంటే బలంగా చేస్తాడేమో గాని, తప్పు చోట చేస్తాడు.

ఇదీ గమనించండి: వాల్వెర్డే కూడా 2005 నుంచి చివరిదాకా, నిషేధం రెండేళ్లు తీసేస్తే, ఒకే యాజమాన్యం కింద ఉన్నాడు. జట్టు పేరు మారింది, స్పాన్సర్లు మారారు, మనుషులు మారలేదు. ముప్ఫై అయిదు దాటినవాడికి జట్లు సాధారణంగా ఏడాది ఒప్పందమే ఇస్తాయి. ప్రతి ఆగస్టులోనూ 'వచ్చే ఏడాది ఉంటానా' అన్న ఆరాటం మనిషిని లోపలినుంచి తింటుంది. అది లేకపోవడం ఎంత వరమో, ఇక్కడ మాజీ రైడర్ ఎవరిని అడిగినా మొదట అదే చెబుతారు.

ఇప్పుడు పడటం గురించి. 2017 జులై 1న జర్మనీలోని డస్సెల్‌డార్ఫ్‌లో, టూర్ మొదటి రోజే, తడిరోడ్డు మీద వాల్వెర్డే జారి కంచెకు గుద్దుకున్నాడు. మోకాలి చిప్ప పగిలింది, చీలమండ ఎముక కూడా. 37 ఏళ్ల వయసు. అంతటితో అయిపోయిందనుకున్నాం చాలామందిమి. మరుసటి ఫిబ్రవరిలో వాలెన్సియా రేసు గెలిచాడు, సెప్టెంబరులో ఇన్స్‌బ్రుక్. 2021 వుల్టాలో కాలర్ బోన్ విరిగింది, ఆరు వారాలకు సిసిలీలో ఒక స్టేజి గెలిచాడు. ఎముక అతుక్కోవడం వైద్యుల పని. తడిసిన దిగుడు మీద గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో మళ్లీ బ్రేకు వదలడం ఎవరూ చేసిపెట్టేది కాదు. పిల్లలు పుట్టాక దిగుడులో బ్రేకు మీద వేలు వేయడం మొదలైందని, అప్పుడే తనకు అర్థమైపోయిందని ఒక మాజీ ప్రొఫెషనల్ నాతో అన్నాడు. ఎక్కుడులో ఆయన శక్తి అప్పటికి ఏమీ తగ్గలేదు.

రేసులో పడటమే కాదు, మామూలు రోడ్డు కూడా ప్రమాదమే. ఇటలీకి చెందిన డావిదే రెబెల్లిన్ 2004లో ఆమ్‌స్టెల్, ఫ్లెష్, లీజ్ మూడూ ఒకే వారంలో గెలిచినవాడు. 2008 ఒలింపిక్ రజతం మందుల కేసులో పోగొట్టుకున్నవాడు. 51 ఏళ్ల దాకా ప్రొఫెషనల్‌గా తొక్కాడు. 2022 అక్టోబరులో చివరి రేసు. నవంబరు 30న ఇంటికి దగ్గర్లోనే సైకిల్ మీద ఉండగా ఒక లారీ ఢీకొని చనిపోయాడు.

విసుగు సంగతి తక్కువగా మాట్లాడతారు, నా లెక్కలో అదే పెద్దది. డుములాన్ 2021 జనవరిలో శిక్షణ శిబిరం మధ్యలోనే విరామం తీసుకున్నాడు. తిరిగొచ్చి టోక్యో ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) రజతం కూడా గెలిచాడు. అయినా ఏడాది తిరిగేసరికి శరీరం అలసిపోయిందని చెప్పి ఆపేశాడు. జర్మన్ స్ప్రింటర్ మార్సెల్ కిట్టెల్ 2019లో, 31వ ఏట అదే బాట. గ్రాము లెక్కన తిండి, నెలల తరబడి కొండ మీద హోటల్, పెడల్ మీద పెట్టే శక్తిని కొలిచే పవర్ మీటర్ చెప్పే అంకెకు బానిసత్వం. వాల్వెర్డే ఇంట్లో ఉన్నప్పుడు స్పెయిన్‌లోని మూర్సియాలో తన ఊరి స్నేహితుల గుంపుతో తొక్కేవాడు. రిటైర్ అయ్యాక కూడా మట్టిరోడ్డు రేసుల్లో కనిపించాడు. అంటే తొక్కడమే ఆ మనిషికి సరదా. ఇది శిక్షణతో వచ్చేది కాదు. కాని శిక్షణతో పోగొట్టగలం, పదహారేళ్ల పిల్లల విషయంలో ఆ పని చేసే శిక్షకులను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు జట్లు పద్దెనిమిదేళ్లవాళ్లనే ఎగరేసుకుపోతున్నాయి, 21 ఏళ్లకే టూర్ గెలుస్తున్నారు. ఈ తరంలోంచి 42 దాకా ఎవరైనా మిగులుతారా అంటే నాకు నమ్మకం లేదు.

మహిళల రేసుల్లో నెదర్లాండ్స్‌కు చెందిన మరియానా వోస్‌ను చూడండి. 2006లో 19 ఏళ్లకే ప్రపంచ చాంపియన్. 2015లో గాయాలూ, అతిశిక్షణా కలిసి ఆ సీజన్ మొత్తం పోయింది. ఆగింది, నిదానంగా తిరిగొచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రజతం, 2025 మహిళల టూర్‌లో 38వ ఏట తొలిరోజు స్టేజిలోనే గెలుపు. సమయానికి ఆగడం తెలియకపోతే ఆ రెండోసగం ఉండేది కాదని నా నమ్మకం.

ఇక ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు, మీకు కావలసింది ఇదే. ఇన్స్‌బ్రుక్‌లో మూడో స్థానంలో వచ్చిన వుడ్స్ అసలు పరుగువీరుడు, మైలును నాలుగు నిమిషాలలోపు పరుగెత్తినవాడు. పాదం గాయాలతో పరుగు మాని ఇరవైల మధ్యలో సైకిలెక్కాడు. నాలుగు వుల్టాలు, ఒక జిరో గెలిచిన స్లోవేనియా రైడర్ ప్రిమోజ్ రోగ్లిచ్ ఇరవై ఒకటి దాటేదాకా మంచు మీద స్కీ జంపులు చేసేవాడు. నెదర్లాండ్స్‌కు చెందిన అనెమీక్ వాన్ వ్లూటెన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, ఫుట్‌బాల్‌లో మోకాలు దెబ్బతిని సైక్లింగ్‌కు వచ్చింది. 2022లో, నలభైకి కొన్ని వారాల ముందు, విరిగిన మోచేతితో ప్రపంచ చాంపియన్ అయింది. వీళ్ల మనసు పదేళ్ల ముందునుంచి అరిగిపోలేదు. కాని జాగ్రత్త: వీళ్లంతా అప్పటికే ఏదో ఒక ఆటలో గట్టిపడిన శరీరాలతో వచ్చినవాళ్లు. ముప్ఫై అయిదేళ్లు కుర్చీలో కూర్చుని వచ్చిన మనం వాళ్లతో పోల్చుకోకూడదు.

మీకు నా సలహా ఇదీ. మొట్టమొదట గుండె వైద్యుణ్ని కలిసి, వ్యాయామం చేస్తుండగా తీసే ఈసీజీ చేయించుకోండి. మన కుటుంబాల్లో నలభైలలోనే గుండెజబ్బు ఎంత మామూలో మీకు చెప్పనక్కర్లేదు. 2021లో ఫ్రాన్స్‌లో రాళ్ల రోడ్ల మీద సాగే పారి–రూబే రేసు గెలిచిన ఇటలీ రైడర్ సోనీ కోల్‌బ్రెల్లి కొన్ని నెలల తర్వాత ఒక స్టేజి ముగించగానే గుండె ఆగి కుప్పకూలాడు. పక్కనే వైద్య సిబ్బంది ఉండబట్టి బతికాడు, రేసులు మాత్రం అక్కడితో ఆగిపోయాయి.

రెండోది బరువులెత్తడం, వారానికి రెండుసార్లు. సైకిల్ ఎముక మీద బరువు వేయదు. అందుకే ఏళ్ల తరబడి సైకిల్ మాత్రమే తొక్కినవాళ్లలో వెన్నెముక సాంద్రత తక్కువగా ఉండటం సాధారణం. పడినప్పుడు తెలుస్తుంది దాని విలువ. కండ కూడా ఈ వయసునుంచే కరగడం మొదలవుతుంది, పప్పూ అన్నంతో సరిపెట్టుకోకుండా గుడ్లో, పెరుగో, మాంసమో తగినంత తినండి.

మూడోది, గట్టి రోజులు వారానికి రెండు చాలు. మీరు రాసినదాన్ని బట్టి ప్రతిరోజూ ట్రాక్ మీద కొద్దిగా ఎక్కువ వేగంతోనే తొక్కుతున్నారు. అది తేలిక రోజూ కాదు, గట్టి రోజూ కాదు. మా క్లబ్బుకు వచ్చే ఉద్యోగస్థులందరిదీ ఇదే జబ్బు. తేలిక రోజున పక్కవాడితో వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి. ఇరవై ఏళ్లప్పుడు రేపటికల్లా కోలుకునే శరీరం ఇప్పుడు ఎల్లుండి దాకా అడుగుతుంది, ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యం, గుంపులో తొక్కడం నేర్చుకోండి. ఇరవై మూడు కిలోమీటర్ల ఆ ట్రాక్ ఎండకూ ట్రాఫిక్‌కూ దూరంగా ఉంచుతుంది, మంచిదే. కాని ముందువాడి చక్రానికి జానెడు దూరంలో మలుపు తిరగడం, భుజం భుజం తగిలినా బెదరకపోవడం అక్కడ ఒంటరిగా తొక్కితే రాదు. 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా పూర్తిచేసే దూరప్రయాణాలు) కూడా నేర్పవు, అవి రేసులు కావు, ఓర్పు పరీక్షలు. అనుభవజ్ఞులున్న గుంపు ఒకటి వెతుక్కుని ఆరు నెలలు వాళ్ల వెనకే ఉండండి. చక్రాలు కొనే డబ్బుతో ముందు సీటు ఎత్తు, పెడల్ బిగింపు మీ ఒంటికి సరిపడేలా కొలిపించుకోండి. నా దగ్గరికొచ్చే మోకాలి నొప్పుల్లో సగానికి పైగా అక్కడే తేలిపోతాయి.

ఆ తర్వాత రేసులు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నడిపే గ్రాన్ ఫోండో అనే ఔత్సాహికుల దూరపు పోటీల్లో 35 నుంచి అయిదేళ్లకో వయో విభాగం ఉంటుంది, డెబ్బై దాటినవాళ్లకు కూడా. మీరు 35–39 విభాగంలోకి వస్తారు. అది అన్నిటికంటే కష్టమైన విభాగాల్లో ఒకటి, ఎందుకంటే ప్రొఫెషనల్‌గా ఆపినవాళ్లు నేరుగా అందులోకే దిగుతారు. మొదటి ఏడాది గుంపుతో కలిసి చివరిదాకా చేరితే చాలనుకోండి.

ఈసీజీ ఫలితం వచ్చాక, వారానికి నిజంగా ఎన్ని గంటలు తొక్కగలరో, ఎన్నింటికి నిద్రపోతున్నారో, పాత గాయాలేమైనా ఉన్నాయో రాయండి. అప్పుడు మొదటి మూడు నెలలకు ఏ రోజు ఏం చేయాలో చెబుతాను.